కాన్సాస్‌లో చిన్న ఊరికి వెళ్తున్నాం, అక్కడివాళ్లతో కలవగలమా? అన్న ప్రశ్నకు నా సమాధానం

మీరు అడిగింది క్లుప్తంగా మళ్లీ రాస్తున్నాను, తర్వాత చదివేవాళ్లకు అర్థం కావాలి కాబట్టి. మీవారు డాక్టరు, డాలస్‌లో రెసిడెన్సీ (ఆసుపత్రిలో శిక్షణ) పూర్తవుతోంది. జె-1 వెయివర్ (శిక్షణ వీసా మీద వచ్చిన డాక్టర్లకు ఇచ్చే మినహాయింపు, వివరం కింద చెప్తాను) మీద పశ్చిమ కాన్సాస్‌లో ఒక కౌంటీ (మన జిల్లా లాంటిది) ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చింది. ఊరి జనాభా పదిహేను వందలు. ఆగస్టులో చేరాలి. పాపకు తొమ్మిదేళ్లు, బాబుకు నాలుగు. ఆ ఊరి ఫేస్‌బుక్ పేజీ చూస్తే వారం వారం ఏదో ఒక విందు, వేలం, పరేడ్. వీళ్లకు ఊరంటే ఇంత అభిమానం ఏమిటి, మనల్ని అందులో కలుపుకుంటారా, లేక మూడేళ్లు తలుపేసుకుని గడిపేసి రావడమేనా అని మీ టెన్షన్. ఇదే రాష్ట్రంలోని ఒలేథాలో శ్రీనివాస్ కూచిభొట్ల మీద జరిగిన కాల్పుల సంగతి కూడా అడిగారు. దానికీ జవాబు చెప్తాను.

మా ఆయన కూడా ఇదే వెయివర్ మీద వచ్చిన డాక్టరే. చాలా ఏళ్లుగా ఇలాంటి ఊళ్లోనే ఉంటున్నాం. పిల్లలిద్దరూ ఇక్కడే పెరిగారు. కాబట్టి నేను చూసిందే చెప్తాను.

అన్నిటికన్నా ముందు ఒక సంగతి అర్థం చేసుకోండి. ఈ ఊళ్లలో ఏ పని జరిగినా ఎవరో ఒకరు పూనుకుని, చాలావరకు జీతం లేకుండా, తమ చేతులతో చేస్తేనే జరుగుతుంది. మంటలార్పేది వాళ్లే, శ్మశానంలో గడ్డి కోసేది వాళ్లే, క్రిస్మస్ దీపాలు కట్టేది వాళ్లే. డాలస్‌లో మీరు పన్ను కడతారు, ఎవరో వచ్చి చేసి వెళ్తారు. పదిహేను వందల మంది ఉన్న ఊళ్లో ఆ 'ఎవరో' ఉండరు. స్విమ్మింగ్ పూల్ నడిపే కమిటీలో నలుగురు తప్పుకుంటే వచ్చే వేసవికి పూల్ తెరవరు. ఊరంటే అభిమానం ఈ పనిలోంచే పుట్టింది. తాము పెయింట్ వేసిన గోడను ఎవరైనా బాగుందంటే పొంగిపోతారు, బాగా లేదంటే బాధపడతారు. కొత్తగా ఒక కుటుంబం వస్తోందంటే వాళ్లు అంత ఆసక్తి చూపించేది కూడా అందుకే. పని చాలా ఉంది, మనుషులు తక్కువ. మిమ్మల్ని కలుపుకుంటారా అని మీరు భయపడుతున్నారు. మీరు ఎప్పుడు వస్తారా అని వాళ్లు ఎదురుచూస్తున్నారు.

డాక్టర్ కుటుంబం విషయంలో ఇది మరీ నిజం. ఈ వెయివర్ పద్ధతి 1994లో వచ్చింది. నార్త్ డకోటా సెనేటర్ కెంట్ కాన్రాడ్ తెచ్చిన చట్టం కాబట్టి కాన్రాడ్ 30 అంటారు. ఏడాదికి ఒక్కో రాష్ట్రానికి 30 మంది డాక్టర్ల వరకు, డాక్టర్లు దొరకని చోట మూడేళ్లు పనిచేస్తే స్వదేశానికి వెళ్లి రెండేళ్లు ఉండాలన్న షరతు తీసేస్తారు. మన తెలుగు డాక్టర్లు ఎంతోమంది ఈ దారిలోనే నెబ్రాస్కా, కాన్సాస్, డకోటాల్లో ఎవరూ పేరు వినని ఊళ్లకు వెళ్లారు. మీవారు రాకముందు ఆ ఊరివాళ్లు ఒక చిన్న ఆపరేషన్‌కు గంటన్నర, రెండు గంటలు కారులో వెళ్లి ఉంటారు. ఆసుపత్రి మూతపడితే ఆ తర్వాత మందుల షాపు, దాని వెనకే వృద్ధుల ఆశ్రమం పోతాయని వాళ్లకు బాగా తెలుసు. మీరు దిగిన వారంలోనే ఎవరో ఒకరు బ్రెడ్డో, కేకో, తోటలో కాసిన గుమ్మడికాయో పట్టుకుని తలుపు కొడతారు. వచ్చినవాళ్లు ఏ చర్చి వాళ్లో, ఏ పార్టీ వాళ్లో ఆ రోజు చూడకండి.

ఫేస్‌బుక్‌లో మీరు చూసిన 'ప్యాన్‌కేక్ ఫీడ్' గురించి చెప్తాను. అది దాదాపుగా వాలంటీర్ ఫైర్ డిపార్ట్‌మెంట్ పెట్టేదై ఉంటుంది. అమెరికాలో మంటలార్పే వాళ్లలో సగానికి పైగా ఇలాంటి వాలంటీర్లే. 1736లో ఫిలడెల్ఫియాలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ పెట్టిన దళం కాలం నుంచి వస్తున్న పద్ధతి ఇది. సైరన్ మోగితే బ్యాంకులో కౌంటర్ దగ్గర ఉన్నవాడు, కారు రిపేరు చేస్తున్నవాడు, ట్రాక్టర్ మీద ఉన్నవాడు పని వదిలేసి పరుగెత్తుతారు. ఏడాదికోసారి వాళ్లే స్టేషన్‌లో ఫైర్ ఇంజన్లు బయట పెట్టి, లోపల బల్లలు వేసి, పొద్దున్నే ప్యాన్‌కేకులు, గుడ్లు వండి ఊరందరికీ పెడతారు. ధర ఉండదు. తలుపు దగ్గర ఒక పాత రబ్బరు బూటు పెడతారు, అందులో మీకు తోచింది వేయడమే. ఇరవై డాలర్ల నోటు వేసేవాళ్లూ ఉంటారు, వంద వేసేవాళ్లూ ఉంటారు. ఎవరూ బూటు వైపు చూడరు. ఆ డబ్బుతో గొట్టాలు, హెల్మెట్లు కొంటారు.

ఈ అవసరం ఎంతటిదో తెలియాలంటే 2017 మార్చిలో క్లార్క్ కౌంటీలో వచ్చిన గడ్డి మంటల గురించి చదవండి. కాన్సాస్, ఓక్లహోమా కలిపి ఆరు లక్షల ఎకరాలకు పైగా తగలబడిపోయింది. యాష్‌లాండ్ చుట్టుపక్కల రైతులకు పశువులు పోయాయి, కంచెలు పోయాయి, మేత పోయింది. ఆ తర్వాత కొద్ది రోజులకే వేరే రాష్ట్రాల రైతులు ఎండుగడ్డి చుట్టలు వేసుకున్న లారీలు వరసగా తోలుకుంటూ వచ్చారు. వాళ్లలో చాలామందికి యాష్‌లాండ్‌లో ఒక్క మనిషి కూడా తెలియదు. రేపు తమకు ఇదే జరగవచ్చు, అప్పుడు ఎవరో ఒకరు వస్తారు అన్న నమ్మకంతో బతికే మనుషులు వీళ్లు.

ఇక కౌంటీ ఫెయిర్, అంటే ఏటా జరిగే కౌంటీ జాతర. మీరు ఒక్కటంటే ఒక్కటి చూడగలిగితే దీన్నే చూడమంటాను, అందులోనూ చివరి రోజు సాయంత్రం జరిగే పశువుల వేలం. ఫోర్-హెచ్ అని పిల్లల సంఘం ఉంటుంది. తల, గుండె, చేతులు, ఆరోగ్యం, ఈ నాలుగింటి ఇంగ్లీషు పేర్ల మొదటి అక్షరాలే ఆ నాలుగు హెచ్‌లు. 1902లో ఒహాయోలో ఒక బడి పిల్లల క్లబ్బుగా మొదలై, 1914 తర్వాత వ్యవసాయ విశ్వవిద్యాలయాల ఎక్స్‌టెన్షన్ శాఖ (చదువును ఊళ్లలోకి తీసుకెళ్లే విభాగం) కిందికి వచ్చింది. కాన్సాస్‌లో దాన్ని చూసేది కాన్సాస్ స్టేట్ యూనివర్సిటీ. పిల్లలు దూడనో, పందినో, గొర్రెనో నెలల తరబడి పెంచుతారు. రోజూ మేపుతారు, కడుగుతారు, నడిపిస్తారు. ఎంత ఖర్చయిందో పుస్తకంలో రాస్తారు. ఫెయిర్‌లో చూపించి, చివరికి వేలానికి పెడతారు.

ఆ వేలం ఇలా ఉంటుంది. రంపపు పొట్టు పోసిన గుండ్రటి స్థలం, చుట్టూ ఇనుప కమ్మీలు, వెనక మెట్ల మెట్ల బల్లలు. పన్నెండేళ్ల పిల్ల తనకు నాలుగు రెట్లున్న కోడెదూడను తాడు పట్టుకుని లోపలికి తెస్తుంది. ఇంకో చేతిలో పొడవాటి కర్ర, దూడ కాళ్లు సరిగ్గా నిలబెట్టడానికి. వేలంపాట వాడు ఊపిరి తీసుకోకుండా ధర పాడుతుంటాడు. బ్యాంకు, ధాన్యం కోఆప్ (రైతుల సహకార సంఘం), టైర్ల షాపు, పశువుల డాక్టరు, ఆసుపత్రి తరఫున వచ్చినవాళ్లు చీటీలు ఎత్తుతుంటారు. బజారు ధర కన్నా బాగా ఎక్కువ పలుకుతుంది, కావాలనే. చాలాచోట్ల వాళ్లు ఇచ్చేది ఆ పైమొత్తం మాత్రమే, దూడ మామూలుగా మార్కెట్‌కు వెళ్తుంది. ఆ పైమొత్తం పిల్ల కాలేజీ చదువుకు పోతుంది. పాట అయిపోయాక ఆ పిల్ల దూడ మెడలో ముఖం దాచుకుని ఏడుస్తుంది. ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు ఏడుస్తారు. నవ్వేవాళ్లు ఉండరు. తర్వాత ఆ పిల్లే కొన్నవాళ్ల దగ్గరికి వెళ్లి చేయి కలిపి థ్యాంక్స్ చెప్తుంది, ఇంటికెళ్లాక చేత్తో ఉత్తరం రాసి పంపుతుంది. ఉత్తరం రాయడం నేర్పేది కూడా ఫోర్-హెచ్ వాళ్లే.

ఒక ఏడాది మా కౌంటీలో ఒక రైతుకు క్యాన్సర్ అని తెలిసింది. వేలంలో ఆ కుటుంబం కోసమని ఒక పందిని నిలబెట్టారు. కొన్నవాడు డబ్బు కట్టి, 'మళ్లీ పాడండి' అన్నాడు. రెండో మనిషి కొన్నాడు, అతనూ అదే మాట అన్నాడు. అలా ఆ ఒక్క పంది చేతులు మారుతూనే ఉంది, వేలంపాట వాడి గొంతు బొంగురుపోయింది. ఆ జూన్‌లోనే అతని గోధుమ పంట కోయడానికి చుట్టుపక్కల రైతులు తమ సొంత కోత ఆపుకుని కంబైన్లు తెచ్చారు. కాన్సాస్‌లో గోధుమ కోత అంటే వడగళ్ల వాన ఎప్పుడు వచ్చి కొట్టేస్తుందో తెలియని రోజులు. ఆ రోజుల్లో ఒక పూట మరొకరి కోసం ఇవ్వడం మాటలు కాదు. ఆడవాళ్లు పొలం గట్టు మీదికే అన్నాలు తెచ్చారు. నేను పులిహోర తీసుకెళ్లాను, గిన్నె ఖాళీగా తిరిగి వచ్చింది.

శాకాహారులకు ఇదంతా చూడటం కష్టమని నాకు తెలుసు. మా ఇంట్లో కూడా ఈ చర్చ జరిగింది. దూడనే పెంచాలన్న నియమమేమీ లేదు. వంట, కుట్టు, ఫోటోగ్రఫీ, పూల మొక్కలు, రాకెట్లు, అన్నిటికీ పోటీలుంటాయి. మా అమ్మాయి ఫోటోలు, వంట తీసుకుంది. తను చేసిన బొబ్బట్లకు నీలం రిబ్బన్ వచ్చింది.

మీరు 'వీళ్లకు ఊరంటే ఇంత అభిమానం ఏమిటి' అన్నారు చూడండి, దానికి గ్రీన్స్‌బర్గ్ కథ కన్నా మంచి జవాబు నా దగ్గర లేదు. కయోవా కౌంటీ ముఖ్యపట్టణం. 2000 జనాభా లెక్కల్లో 1,574 మంది, మీరు వెళ్తున్న ఊరంతే. 2007 మే 4 రాత్రి పదింటికి కాస్త ముందు టోర్నడో వచ్చింది. వెడల్పే మైలున్నర పైన. అప్పటికి కొద్ది నెలల ముందే అమలులోకి వచ్చిన కొత్త కొలమానంలో ఈఎఫ్-5, అంటే అన్నిటికన్నా పై స్థాయి, వేసిన మొదటి టోర్నడో అదే. వాతావరణ శాఖ ముందే గట్టిగా హెచ్చరించింది, సైరన్లు మోగాయి, జనం బేస్‌మెంట్లలోకి దిగారు. అయినా పది మందికి పైగా చనిపోయారు. పైకి వచ్చి చూస్తే ఊరిలో 95 శాతం లేదు. బడి లేదు, ఆసుపత్రి లేదు, చర్చిలు లేవు. చెట్లు బెరడు లేకుండా మోడులై నిలబడ్డాయి.

ఆ ఊరు అప్పటికే తగ్గిపోతోంది. పిల్లలు చదువుకుని వెళ్లిపోతున్నారు. ఇన్సూరెన్స్ డబ్బు తీసుకుని అందరూ ఎవరి దారిన వాళ్లు పోయినా తప్పుపట్టేవాళ్లు లేరు. కానీ వాళ్లు పెద్ద టెంటు వేసుకుని అందులో మీటింగులు పెట్టారు. ఊరంతా వచ్చి కూర్చుంది. ఎలాగూ మొదటి నుంచి కట్టాలి కదా, మన మనవల కాలానికి పనికొచ్చేలా కడదాం అన్న మాట అక్కడ బలపడింది. ఆ ఆగస్టుకే ట్రైలర్లలో బడి మొదలుపెట్టారు. ఇది చాలా ముఖ్యం. బడి లేకపోతే పిల్లలున్న కుటుంబాలు తిరిగి రావు, వాళ్లు రాకపోతే ఊరే రాదు. డిసెంబరులో సిటీ కౌన్సిల్ ఒక తీర్మానం చేసింది: 4,000 చదరపు అడుగులు దాటిన మునిసిపల్ భవనం ఏది కట్టినా లీడ్ ప్లాటినం స్థాయిలోనే కట్టాలి. కరెంటు, నీళ్లు పొదుపు చేసే భవనాలకు ఇచ్చే గుర్తింపుల్లో అది అన్నిటికన్నా పైది. అమెరికాలో అలా తీర్మానించిన మొదటి ఊరు అది, న్యూయార్కూ కాదు, శాన్‌ఫ్రాన్సిస్కో కూడా కాదు. కాన్సాస్ యూనివర్సిటీ విద్యార్థులు అక్కడ ఒక ఆర్ట్స్ సెంటర్ కట్టారు, దానికి ఆ టోర్నడో తేదీనే పేరుగా పెట్టారు: 5.4.7. ఊరి బయట పది గాలిమరలు, మొత్తం 12.5 మెగావాట్లు. ఏ గాలి ఊరిని పీకేసిందో ఆ గాలితోనే ఇప్పుడు కరెంటు తీస్తున్నారు.

ఇందులో బాధ కూడా ఉంది, అది దాచకూడదు. అంత ఖర్చు పెట్టి కట్టుకోలేక చాలామంది పెద్దవాళ్లు తిరిగి రాలేదు. 2010లో జనాభా 777, 2020లో 740. సగమైపోయింది. ఇంత చేసి ఏం లాభం అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. నా అభిప్రాయం వేరు. ఆ 740 మందికి ఈ రోజు ఆసుపత్రి ఉంది, బడి ఉంది, మంచి సిటీ హాలు ఉంది. వీలైతే అక్కడికి వెళ్లి బిగ్ వెల్ చూడండి. 1887-88లో పారలతో, గునపాలతో తవ్విన బావి, 109 అడుగుల లోతు, 32 అడుగుల వెడల్పు. టోర్నడోలో పైనున్న మ్యూజియం పోయింది, బావి మిగిలింది. 2012లో కొత్త మ్యూజియం కట్టి తెరిచారు, లోపలికి మెట్లు దిగొచ్చు. అక్కడ పనిచేసేవాళ్లను ఆ రాత్రి గురించి అడగండి. చెప్తారు, నిదానంగా, ఎవరి ఇల్లు ఎక్కడుండేదో వేలితో చూపిస్తూ.

బడి గురించి ఒక్క మాట చెప్పానుగా, ఇంకొంచెం చెప్పాలి. కాన్సాస్‌లో 1963 చట్టంతో చిన్న చిన్న బడి జిల్లాలను కలిపేశారు. బడి పోయిన ఊళ్లు ఎలా ఎండిపోయాయో వీళ్లు కళ్లారా చూశారు. శుక్రవారం రాత్రి ఫుట్‌బాల్‌కు పిల్లలు లేనివాళ్లు కూడా వచ్చి చలిలో కూర్చుంటారంటే కారణం ఆట ఒక్కటే కాదు. పదకొండు మంది దొరకని బడులు ఎనిమిది మందితోనే ఆడతాయి. ప్లస్ టూ పిల్లల ఫోటోలు మెయిన్ స్ట్రీట్ కరెంటు స్తంభాలకు బ్యానర్లుగా కడతారు. మీ పాప ఆడకపోయినా సరే, మీరు వెళ్లండి. పాప్‌కార్న్ స్టాల్ దగ్గర నిలబడే తల్లుల జాబితాలో పేరు రాయండి. నేను ఎక్కువమంది స్నేహితుల్ని సంపాదించింది ఆ స్టాల్ వెనకే.

లైబ్రరీకి మొదటి వారంలోనే వెళ్లండి. ఈ ఊళ్లలో పాత ఇటుక లైబ్రరీ భవనం ఉంటే అది కార్నెగీ ఇచ్చిన డబ్బుతో కట్టిందై ఉండొచ్చు. ఆండ్రూ కార్నెగీ అమెరికాలో 1,600కు పైగా లైబ్రరీలకు డబ్బిచ్చాడు, కానీ ఊరికే ఇవ్వలేదు: స్థలం ఊరివాళ్లే ఇవ్వాలి, ఇచ్చిన మొత్తంలో పదో వంతు ప్రతి ఏటా నడపడానికి ఊరే ఖర్చు పెట్టాలి. వందేళ్ల తర్వాత కూడా ఎన్నో ఊళ్లు ఆ భవనాలను నిలబెట్టుకుంటూ వచ్చాయి. లైన్స్ క్లబ్ కూడా కనిపిస్తుంది. మన ఊళ్లలో కంటి శిబిరాలు పెట్టే లైన్స్ క్లబ్బే. 1917లో షికాగోలో పుట్టింది, 1925లో హెలెన్ కెల్లర్ వాళ్ల సభకు వచ్చి చూపులేని వాళ్ల కోసం పనిచేయమని అడిగాక కంటి సేవ వాళ్ల ముఖ్యమైన పనైంది. పాత కళ్లద్దాలు వేయడానికి వాళ్లు పెట్టిన డబ్బా ఉంటుంది.

సిటీ కౌన్సిల్ మీటింగుకు ఒకసారి వెళ్లండి. ఎవరైనా వెళ్లి కూర్చోవచ్చు. నీళ్ల బిల్లు, వీధి కుక్కలు, గుంతలు, ఇవే ఉంటాయి. ఓటు మీకు లేదు, పౌరసత్వం వచ్చేదాకా రాదు. కానీ మీ వీధిలో దీపం వెలగకపోతే లేచి చెప్పొచ్చు, వింటారు. మేయర్ మర్నాడు పొద్దున ధాన్యం కోఆప్ దగ్గర కాఫీ తాగుతూ దొరుకుతాడు. రిటైరైన రైతులు రోజూ ఆరింటికి అక్కడ చేరతారు, అది వాళ్ల రచ్చబండ. ఊరి బడ్జెట్ సగం అక్కడే తేలిపోతుంది. కిరాణా షాపు మూతపడబోతే ఏం చేయాలన్నది కూడా ఇలాంటి చోటే మొదలవుతుంది. ఈరీ అని వెయ్యి మంది ఉన్న ఊళ్లో ఉన్న ఒక్క కిరాణా షాపునూ సిటీయే కొని నడిపింది.

ఒక్కో ఊరికీ ఒక్కో ముచ్చట ఉంటుంది. లిండ్స్‌బర్గ్‌లో నాలుగు వేల మంది కూడా లేరు, స్వీడన్ నుంచి వచ్చినవాళ్ల ఊరు. 1882 నుంచి ఈస్టర్ రోజుల్లో హాండెల్ కూర్చిన 'మెస్సయ్య' అనే సంగీత రచనను బెథనీ కాలేజీ వాళ్లు, ఊరివాళ్లు కలిసి పాడుతున్నారు. లిబరల్‌లో 1950 నుంచి ఆడవాళ్లు పెనంలో ప్యాన్‌కేక్ పట్టుకుని పరుగు పందెం పెడతారు, అదే రోజు ఇంగ్లండ్‌లో ఓల్నీ అనే ఊరి ఆడవాళ్లు కూడా పరుగెత్తుతారు, ఎవరు తక్కువ టైమ్‌లో వస్తే వాళ్లు గెలిచినట్టు. మీ ఊరి ముచ్చట ఏమిటో వెళ్లగానే కనుక్కోండి. అడిగితే సంతోషిస్తారు.

ఇప్పుడు ఒలేథా. 2017 ఫిబ్రవరి 22న శ్రీనివాస్ కూచిభొట్లను కాల్చి చంపారు, ఆయన స్నేహితుడికి, అడ్డుకోబోయిన స్థానిక యువకుడు ఇయాన్ గ్రిలాట్‌కు తూటాలు తగిలాయి. హంతకుడికి యావజ్జీవ శిక్ష పడింది. ఒలేథా కాన్సాస్ సిటీ పక్కన లక్ష దాటిన జనాభా ఉన్న ఊరు, మీరు వెళ్లేది వేరే రకం చోటు. కానీ అలా చెప్పి మీ భయాన్ని కొట్టిపారేయను. ఆ వారం మా ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. ఆ ఆదివారం పక్కింటావిడ వచ్చి ఏమీ మాట్లాడకుండా కూర్చుంది. తర్వాత మా ఆయనతో, 'రాత్రిపూట ఆసుపత్రికి వెళ్లాల్సి వస్తే మా ఆయన్ని లేపండి, తోడు వస్తాడు' అంది. చిన్న ఊళ్లో నేను రక్షణ అనుకునేది దీన్నే. మీ కారు ఏదో, మీ పిల్లలు ఎవరో ఊరందరికీ తెలిసి ఉండటం. అయినా దారిలో తెలియని ఊళ్లలో రాత్రిపూట ఆగకుండా జాగ్రత్త పడండి, అది ఎక్కడైనా చేయాల్సిందే.

అందరికీ తెలిసి ఉండటంలో కష్టమూ ఉంది. మీవారు షాపులో పాలు కొంటుంటే ఎవరో మోకాలి నొప్పి గురించి అడుగుతారు. మీ ఇంటి ముందు ఎవరి కారు ఆగిందో సాయంత్రానికి తెలిసిపోతుంది. 'ఏ చర్చికి వెళ్తారు?' అని అడుగుతారు, దాదాపు అందరూ అడుగుతారు. మేం హిందువులం, గుడి విచిటాలో ఉంది, అప్పుడప్పుడూ వెళ్తాం అని మామూలుగా చెప్పండి. చర్చి విందుకు పిలిస్తే విందుకు వెళ్లండి, ప్రార్థనకు వెళ్లాలన్న బలవంతం లేదు. మతం మార్చుకోమని ఎవరైనా మరీ వెంటపడితే ఒకసారి మర్యాదగా, గట్టిగా వద్దని చెప్తే చాలు. రాజకీయాలు ఇంటి ముందు బోర్డుల మీద కనిపిస్తాయి. ఊరంటే అభిమానం ఉన్నంత మాత్రాన అందరూ ఒక మాట మీద ఉంటారనీ అనుకోకండి. 2023 ఆగస్టులో మారియన్ అనే చిన్న ఊళ్లో పోలీసులు స్థానిక వారపత్రిక ఆఫీసు మీద, దాని యజమానుల ఇంటి మీద సోదాకు దిగారు. యజమానుల్లో ఒకరైన 98 ఏళ్ల పెద్దావిడ మర్నాడే చనిపోయారు. పత్రిక మాత్రం ఆ వారం కూడా వచ్చింది. ఊరిని ప్రశ్నించే పత్రిక ఉండటం ఊరికి అవమానమనుకునేవాళ్లూ, అదే గౌరవమనుకునేవాళ్లూ ఒకే వీధిలో ఉంటారు. నేను రెండోవాళ్ల పక్షం. మీ ఊళ్లో వారపత్రిక ఉంటే చందా కట్టండి.

మీది హెచ్-4 (మీవారి ఉద్యోగ వీసా వల్ల కుటుంబానికి వచ్చే వీసా) అన్నారు కాబట్టి ఒక జాగ్రత్త. వర్క్ పర్మిట్ లేకుండా జీతానికి పనిచేయకూడదు. లైబ్రరీలో పిల్లలకు కథలు చదవడం, ఫెయిర్‌లో సాయం చేయడం లాంటి నిజమైన స్వచ్ఛంద సేవకు అడ్డు లేదు. మామూలుగా జీతమిచ్చి చేయించే పనిని మీరు ఉచితంగా చేయడం మాత్రం కుదరదు. సందేహం ఉంటే మీ లాయర్‌ని అడిగి చేయండి. ఉప్పులు, పప్పులు విచిటా నుంచో డాలస్ వెళ్లినప్పుడో నెలలకు సరిపడా తెచ్చుకోండి, పెద్ద ఫ్రీజర్ కొనుక్కోండి. పాట్‌లక్‌కు (ఎవరి ఇంట్లో వండింది వాళ్లు తెచ్చి అందరూ కలిసి తినే విందుకు) కారం తగ్గించిన కూరగాయల పులావు బాగా పోతుంది. వేపుళ్లు వద్దు, చల్లారితే ఎవరూ తినరు.

మూడేళ్ల తర్వాత ఉంటారో లేదో ఇప్పుడే తేల్చుకోవాల్సిన పని లేదు. వెళ్లిపోయిన డాక్టర్లను కూడా ఇక్కడివాళ్లు గుర్తుపెట్టుకుంటారు, తిట్టుకోరు. కానీ ఎలాగూ వెళ్లిపోతాం కదా అని దేనికీ చేయి వేయకపోతే ఆ మూడేళ్లు చాలా పొడుగ్గా ఉంటాయి, ముఖ్యంగా మీకు. మీవారికి ఆసుపత్రి ఉంటుంది, పాపకు బడి ఉంటుంది. మీకంటూ ఊళ్లో ఒక పని ఉండాలి. ఒక్కటి చాలు, అన్నిటికీ పరుగెత్తకండి.

మీ పాపకు తొమ్మిదేళ్లు కాబట్టి ఫోర్-హెచ్‌లో చేరొచ్చు, ఏడేళ్ల నుంచే తీసుకుంటారు. బాబుకు ఇంకో ఏడాది ఆగితే చిన్నపిల్లల బృందంలో చోటుంటుంది. వాళ్ల కొత్త సంవత్సరం అక్టోబరు 1న మొదలవుతుంది. మీరు ఆగస్టులో దిగుతారు, సామాను సర్దుకునేసరికి సెప్టెంబరు వస్తుంది. కౌంటీ ఎక్స్‌టెన్షన్ ఆఫీసు సాధారణంగా కోర్టు భవనంలోనో దాని పక్కనో ఉంటుంది. అక్కడికి పాపను తీసుకుని వెళ్లండి, ఏం చేయాలనుందో తననే చెప్పనివ్వండి. క్లబ్ లీడర్ ఎవరో అడిగి ఫోన్ నంబర్ తీసుకోండి. 'ఏదైనా సాయం కావాలా' అని ఆవిడను మీరే అడగండి. కావాలనే అంటుంది.